అదును దాటిన గూళ్లు

జులై రెండో వారానికి అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో, పర్పుల్ మార్టిన్ అనే పిట్టల కోసం నిలబెట్టిన పెరటి స్తంభాలు చాలావరకు సద్దుమణుగుతాయి. వాటికి గూళ్లుగా వేలాడదీసిన సొరబుర్రలు మే నెలంతా తెల్లవారుజాము నుంచే కిచకిచలతో మోగిపోయాయి, ఇప్పుడు వాటిలో ఎండిన ఆకులు, రెట్టలు మిగులుతాయి. పిల్లలు ఎగిరిపోయాయి, తల్లిదండ్రులు వాటి వెంటే వెళ్లిపోయాయి. ఇంటివాళ్లు ఇక స్తంభం దించి, బుర్రలు కడిగి అటక ఎక్కించేద్దామనుకుంటారు. సరిగ్గా అప్పుడు ఒక బుర్ర మూత తీసి చూస్తే లోపల పచ్చటి ఆకుల మీద నాలుగు తెల్లటి గుడ్లు ఉంటాయి. ముట్టుకుంటే వెచ్చగా తగులుతాయి.

ఆ గుడ్లు ఎవరివి, ఇంత ఆలస్యంగా ఎందుకు పెట్టాయి, పిల్లలు బతుకుతాయా అన్నది పర్పుల్ మార్టిన్‌లకు పెరట్లో చోటిచ్చే ప్రతి ఇంట్లోనూ ఏటా వచ్చే ప్రశ్న. చాలామంది దీన్ని దారి తప్పిన గూడు అనుకుని పెద్దగా పట్టించుకోరు. కానీ కాలనీ మొత్తంలో అందరికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఈ గూటినే. కారణం అర్థం కావాలంటే ముందు ఈ పక్షి సంగతి కొంత తెలియాలి.

పర్పుల్ మార్టిన్ మన వానకోవెలల కుటుంబానికి చెందిన పిట్ట. ఉత్తర అమెరికాలో ఆ కుటుంబంలో ఇదే పెద్దది. పొడవు 20 సెంటీమీటర్ల దాకా, బరువు 50 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఎదిగిన మగది ఎండలో నీలం ఊదా కలిసిన నల్లని మెరుపుతో ఉంటుంది. ఆడదానికి పొట్ట బూడిద రంగు. తిండి మొత్తం గాల్లో ఎగిరే పురుగులే. తూనీగలు, ఈగలు, రెక్కల చీమలు, పేడపురుగుల్లాంటివి ఎగురుతూనే పట్టి తింటుంది. శీతాకాలం బ్రెజిల్‌లో, అమెజాన్ ప్రాంతంలో గడిపి, పిల్లల్ని కనడానికి అమెరికా, కెనడాలకు వస్తుంది.

దీనికీ మనిషికీ ఉన్న బంధం మరే అడవి పిట్టకూ ఉన్నట్టు కనిపించదు. తాను గూడు తొలచుకోలేదు. ఒకప్పుడు వడ్రంగిపిట్టలు చెట్లలో తొలిచి వదిలేసిన తొర్రల్లో ఉండేది. చాక్టా, చికసా తెగల మూలవాసులు తమ గుడిసెల దగ్గర చిన్న చెట్టు కొమ్మలు నరికి, మోడుకి ఎండిన సొరబుర్రలు వేలాడదీసి వీటిని పిలిచేవారని 1800ల తొలినాళ్లలో పక్షిశాస్త్రవేత్త అలెగ్జాండర్ విల్సన్ రాసిపెట్టాడు. మన దగ్గర కల్లుగీతకు వాడిన సొరబుర్ర లాంటిదే అక్కడ పిట్ట ఇల్లయింది. ఇప్పుడు రాకీ పర్వతాలకు తూర్పున ఉన్న మార్టిన్‌లు దాదాపు అన్నీ మనుషులు పెట్టిన పెట్టెల్లో, బుర్రల్లోనే గూళ్లు కడతాయి. పడమటి తీరం, ఆరిజోనా ఎడారిలోని సగువారో జెముళ్లు లాంటి పడమటి చోట్ల తొర్రల అలవాటు ఇంకా మిగిలింది. తూర్పున మనిషి బుర్ర కట్టడం మానేస్తే ఈ పిట్టకు నిలువ నీడ ఉండదు. అందుకే అక్కడ వీటికి చోటిచ్చేవాళ్లు తమని తాము ల్యాండ్‌లార్డులు అని పిలుచుకుంటారు. మన మాటలో ఇంటి ఓనర్లు. అద్దె రాదు గానీ బాధ్యత మాత్రం ఓనరుదే.

తెలుగువాళ్ల మనసుకు కొంచెం కష్టంగా అనిపించే సంగతి ఒకటుంది. మనం వరి కంకుల కుచ్చులు వసారాలో కట్టి పిలిచిన పిచ్చుక, ఊళ్లలో కనబడటం లేదని ఇప్పుడు మనం బాధపడుతున్న అదే పిచ్చుక, మార్టిన్‌కు బద్ధశత్రువు. 1850ల ప్రారంభంలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో యూరప్ నుంచి తెచ్చి వదిలిన పిచ్చుకలు ఖండమంతా పాకాయి. 1890లో సెంట్రల్ పార్క్‌లో వదిలిన స్టార్లింగులు, అంటే మన గోరువంకకు దాయాదులు, వాటికి తోడయ్యాయి. రెండూ మార్టిన్ గుడ్లను పొడుస్తాయి, పిల్లల్ని బయటికి తోస్తాయి, గూటి మీదే తమ గూడు పేర్చేస్తాయి. పిచ్చుక తప్పు ఇందులో ఏమీ లేదు. తనది కాని నేల మీద తెచ్చి వదిలింది మనుషులు. కానీ ఆలస్యపు గూళ్ల కథలో దానికి పెద్ద పాత్రే ఉంది.

అసలు ఆలస్యం అంటే ఏమిటన్నది కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే క్యాలెండర్ తేదీ ఒక్కటీ చూసి చెప్పలేం. ఫ్లోరిడాకు తొలి మార్టిన్‌లు జనవరిలోనే చేరతాయి. టెక్సస్ తీరానికి ఫిబ్రవరి నాటికి వస్తాయి. ఉత్తరాది రాష్ట్రాలకు, కెనడాకు చేరేసరికి ఏప్రిల్, మే అవుతుంది. టెక్సస్‌లో జూన్ ఆఖరున పెట్టిన గుడ్డు బాగా ఆలస్యం కిందే లెక్క, అప్పటికి అక్కడ చాలా గూళ్లు ఖాళీ అయిపోతుంటాయి. కెనడాలో అల్బర్టా రాష్ట్రపు లాకోంబ్ దగ్గర ఎల్లిస్ బర్డ్ ఫామ్ అనే సంరక్షణ కేంద్రం ఉంది. అక్కడ జూన్ గుడ్లు మామూలు సంగతే, పిల్లలు ఆగస్టులో ఎగిరినా ఎవరూ ఆశ్చర్యపోరు. కాబట్టి తేదీని చూడకూడదు. అదే కాలనీలో మిగతా గూళ్లకంటే ఎంత వెనకబడిందన్నదే చూడాలి. మన రైతు నాట్లను అదునుతో కొలిచినట్టే ఇది కూడా. ఒకే వారంలో వేసిన నారు ఒక మండలంలో అదునులో పడుతుంది, పక్క జిల్లాలో ముదిరిపోతుంది.

ఇక గూటి లెక్క. మార్టిన్ రోజుకో గుడ్డు పెడుతుంది, ఎక్కువగా తెల్లవారాక తొలి గంటల్లో. మామూలుగా నాలుగైదు గుడ్లు. ఆఖరి గుడ్డుకు ముందు రోజు నుంచి ఆడపక్షి గట్టిగా పొదగడం మొదలుపెడుతుంది. 15, 16 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఆ తర్వాత మరో 28 రోజులు, అటూ ఇటూగా 26 నుంచి 32 రోజులు, గూట్లోనే పెరుగుతాయి. ఈ లెక్కన జూన్ 25న తొలి గుడ్డు పెట్టి, మొత్తం నాలుగు పెడితే జులై 12, 13 తేదీలకు పిల్లలవుతాయి. అవి ఎగిరేది ఆగస్టు 9, 10 ప్రాంతంలో. ఎగిరాక కూడా వారం పైగా తల్లిదండ్రులు నోటికి అందించాల్సిందే. అంటే జూన్ ఆఖరులో మొదలైన గూడు ఆగస్టు మూడో వారం దాకా మనుషుల ఓపికనూ పక్షుల ఓపికనూ అడుగుతుంది. జులైలో స్తంభం దించేయాలనుకున్న ఇంటివాళ్లకు ఈ అంకెలు ముందే తెలిసుంటే టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

ఈ గూడు ఎవరిదన్న ప్రశ్నకు ఓనర్లు తరచూ చెప్పుకునే జవాబు రెండో కాపు అని. ముందు పిల్లల్ని ఎగరేసిన జంటే మళ్లీ గుడ్లు పెట్టిందని అనుకుంటారు. ఇది చాలా అరుదు. మార్టిన్ ఏడాదికి ఒక్కసారే పిల్లల్ని పెంచే పక్షి. వేసవి ఎక్కువ కాలం ఉండే దక్షిణాది రాష్ట్రాల్లో ఎప్పుడో ఒకసారి మాత్రమే రెండో కాపు కనిపిస్తుంది. ఆలస్యపు గూళ్లు ఎక్కువగా రెండు రకాల పక్షులవి. తొలి గూడు పాడై మళ్లీ మొదలుపెట్టినవి కొన్ని. పాము గుడ్లు మింగడమో, స్టార్లింగు తరిమేయడమో, చలివానకు పిల్లలు చనిపోవడమో జరిగి ఉంటుంది. మిగతావి, చాలా కాలనీల్లో ఎక్కువ శాతం, నిరుటి వేసవిలో పుట్టి ఈ ఏడాదే మొదటిసారి కాపురం పెట్టిన ఏడాది పక్షులవి.

ఏడాది పక్షుల్ని గుర్తుపట్టడం కష్టమేం కాదు. మగదానికి ఇంకా పూర్తి నలుపు రాదు. చూడటానికి ఆడదానిలాగే ఉండి, గొంతు మీద, రొమ్ము మీద అక్కడక్కడా నల్లని ఈకలు మచ్చల్లా కనిపిస్తాయి. ఆడదాన్ని పోల్చుకోవాలంటే తోక కింది ఈకలు చూడాలి. ఏడాది ఆడదానికి అవి తెల్లగా ఉంటాయి, పెద్దదానికి మధ్యలో ముదురు రంగు ఉంటుంది. స్తంభం కింద బైనాక్యులర్ పట్టుకుని పది నిమిషాలు నిలబడితే జులై గూడు ఎవరిదో దాదాపుగా తేలిపోతుంది.

అవి ఆలస్యంగా మొదలుపెట్టడానికి తొలి కారణం రావడమే ఆలస్యం. పెద్ద పక్షులు వచ్చిన నెల, రెండు నెలలకు గానీ ఏడాది పక్షులు చేరవు. చేరేసరికి మంచి గదులన్నీ నిండిపోయి ఉంటాయి. ముందొచ్చిన పెద్ద మగపక్షి ఒక్క గదితో ఊరుకోదు, పక్కనున్న రెండు మూడింటి మీద కూడా పెత్తనం చేస్తుంది. తన ఆడపక్షి గుడ్లు పెట్టడం మొదలయ్యాక ఆ పట్టు సడలిస్తుంది. అంతేకాదు, చీకటి ఉండగానే ఆకాశంలో తిరుగుతూ గంటల తరబడి పాడుతుంది. ఆ వేకువ పాట విని కొత్త పక్షులు కాలనీకి వస్తాయి. తనకు పోటీ అయ్యే కుర్ర పక్షుల్ని తానే ఎందుకు పిలుస్తుందన్నది చాలాకాలం అంతుపట్టలేదు.

1990లో యూజీన్ మోర్టన్, ఆయన సహచరులు ప్రచురించిన డీఎన్‌ఏ పరిశీలన దీనికొక జవాబు చూపింది. పెద్ద మగపక్షుల గూళ్లలోని పిల్లలు దాదాపు అన్నీ వాటివే. ఏడాది మగపక్షుల గూళ్లలో మాత్రం సగానికంటే తక్కువ పిల్లలే వాటి సొంతం. మిగతావి పొరుగున ఉన్న పెద్ద మగపక్షులవి. అంటే ఆలస్యంగా వచ్చిన కుర్ర జంట కాలనీలో చేరితే పెద్దదానికి అదనపు సంతానం దక్కుతుంది, కుర్ర జంటకు గది, నలుగురి మధ్య ఉండే రక్షణ దొరుకుతాయి. మన కళ్లకు ఇది అన్యాయంలా అనిపించవచ్చు. అయినా ఆ కుర్ర మగది తనవి కాని పిల్లలకు కూడా రోజంతా పురుగులు తెచ్చి పెడుతుంది. తన మొదటి ఏడు అలా గడుస్తుంది.

ఆలస్యంగా పెట్టిన గుడ్లు తక్కువ. సీజన్ ముందుకు పోయేకొద్దీ ఒక్కో గూటిలో గుడ్ల సంఖ్య తగ్గుతుందని కాలనీల లెక్కలు రాసేవాళ్లందరికీ తెలుసు. ఏడాది ఆడపక్షి పెట్టేవి ఎక్కువగా మూడో నాలుగో. వాటిలోనూ పిల్లలై ఎగిరేవి ముందటి గూళ్లతో పోలిస్తే తక్కువ. ఇందులో వయసు అనుభవలేమి ఎంత, కాలం ఎంత అని విడదీయడం తేలిక కాదు, రెండూ కలిసే పనిచేస్తాయి. అయితే కాలం తెచ్చే కష్టాల్లో కొన్ని మనిషి తగ్గించగలిగినవి. అసలు విషయం అక్కడే ఉంది.

మొదటిది ఎండ. జులై, ఆగస్టుల్లో టెక్సస్, ఓక్లహోమా లాంటి చోట్ల మధ్యాహ్నం 38 డిగ్రీలు దాటడం మామూలే. పాతకాలపు చిన్న గదుల అల్యూమినియం ఇల్లు అప్పటికి పెనంలా కాలిపోతుంది. లోపలి పిల్లలు గాలి కోసం ఒకదాన్నొకటి తోసుకుంటూ గుమ్మం దగ్గరికి చేరతాయి. ఇంకా రెక్క రాకుండానే కొన్ని కింద పడిపోతాయి, కొన్ని తామే దూకేస్తాయి. మే నెలలో పెరిగిన పిల్లలకు ఈ బాధ ఇంతలా ఉండదు. తెల్లని ప్లాస్టిక్ బుర్రలు, పెద్ద గదులు, పైన గాలి రంధ్రాలు, పడమటి వైపు చిన్న నీడపలక, ఇవే మందు. ఇవన్నీ సీజన్ మొదలవక ముందే చూసుకుంటే మంచిది. గూట్లో పిల్లలున్నాక కూడా నీడపలక బిగించవచ్చు, గుమ్మానికి అడ్డం రాకుండా ఉంటే చాలు.

కింద పడిన పిల్ల దొరికితే తిరిగి గూట్లో పెట్టాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదని మన ఇళ్లలో పెద్దలు చెప్పే మాట అమెరికాలోనూ చెప్పుకుంటారు. మార్టిన్‌ల విషయంలో అది నిజం కాదు. ఏ గూటిదో తెలియకపోతే అదే వయసు పిల్లలున్న గూట్లో పెట్టినా పెంచుకుంటాయి. ఎగిరే వయసు దగ్గరపడేదాకా తల్లిదండ్రులు తమ పిల్లల్ని విడిగా గుర్తుపట్టవు.

రెండో కష్టం పురుగులు. గూట్లో పిల్లల రక్తం పీల్చే మైట్లు, మన కోళ్లగూళ్లలో కనిపించే కోడిపేల లాంటివి, వేడి పెరిగేకొద్దీ వేగంగా పెరుగుతాయి. పక్కన ఖాళీ అయిన గదుల్లో పాత గూడు అలాగే ఉంటే అక్కడ తిండి లేని మైట్లు కూడా పిల్లలున్న గది వైపు పాకుతాయి. గూట్లో ఈగజాతి పురుగుల డింభకాలు చేరి రాత్రిపూట పిల్లల్ని పీల్చడమూ ఉంది. అనుభవమున్న ఓనర్లు చేసే పని గూడు మార్చడం. పిల్లల్ని ఒక గిన్నెలోకి తీసి, తడిసి మురికైన పాత గూడు పారేసి, పొడి దేవదారు చిత్రిక పొట్టో ఎండిన పైన్ ఆకులో పరిచి, మధ్యలో గుంటలా చేసి పిల్లల్ని తిరిగి పెడతారు. పది నిమిషాల పని. తల్లి వచ్చి కొత్త పరుపు చూసి కాసేపు తటపటాయిస్తుంది, తర్వాత మామూలుగా తిండి పెడుతుంది. ఆలస్యపు గూళ్లకు ఇది ఒకసారి కాకుండా రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది. ఖాళీ అయిన గదుల్లో పాత గూళ్లు ఎప్పటికప్పుడు తీసేయడం కూడా ఇందులో భాగమే.

మూడోది అన్నిటికంటే పెద్దది, చాలామంది పట్టించుకోనిది. అది ఒంటరితనం. మార్టిన్‌లు కాలనీగా ఉండటంలో లాభం నలభై జతల కళ్లు. మే నెలలో డేగ నీడ కనిపిస్తే చాలు, ఒకటి అరుస్తుంది, అన్నీ లేస్తాయి, చుట్టుముట్టి తరుముతాయి. జులై ఆఖరుకు ఆ కళ్లు రెండు జతలకు పడిపోతాయి. కూపర్స్ హాక్ అనే డేగకు ఒంటరి స్తంభం సులువు. రాత్రి గుడ్లగూబ బుర్ర మీద వాలి కాలు లోపలికి పెట్టి లాగుతుంది. మన జెర్రిపోతును పోలిన రాట్ స్నేక్, చేతులున్నట్టే పాకే రకూన్ అనే జంతువు స్తంభం ఎక్కుతాయి. అందుకే స్తంభానికి రేకు గొట్టంతో చేసిన అడ్డు, పైన వల కట్టడం సీజన్ మొదట్లో ఎంత అవసరమో ఆఖర్లో అంతకు రెండింతలు. కానీ జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. పక్షులు వెళ్లిపోయాయి కదా అని అప్పటికే అడ్డు తీసేసి, గడ్డి పెరగనిచ్చేస్తారు. ఆ ఒక్క గూడు పోయేది ఎక్కువగా ఆ రెండు వారాల్లోనే.

ఖాళీ గదుల్లోకి పిచ్చుకలు దిగేది కూడా అప్పుడే. అవి ఆగస్టు దాకా పిల్లల్ని కంటూనే ఉంటాయి. నెలన్నర క్రితం మార్టిన్‌ల గుంపుకు భయపడిన మగపిచ్చుక ఇప్పుడు ధైర్యంగా వచ్చి పక్క బుర్రలో గడ్డి పేరుస్తుంది, అక్కడితో ఆగక మార్టిన్ గుడ్ల మీదికి వస్తుంది. చంద్రవంక ఆకారంలో సుమారు 30 మిల్లీమీటర్ల ఎత్తున్న గుమ్మాలు స్టార్లింగును ఆపుతాయి గానీ పిచ్చుకను ఆపవు. పిచ్చుక గూటి గడ్డి కనబడినప్పుడల్లా తీసేయడం తప్ప వేరే దారి లేదు. అమెరికా చట్టం ప్రకారం పిచ్చుకకు, స్టార్లింగుకు రక్షణ లేదు. మార్టిన్‌కు ఉంది. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం కింద గుడ్లో పిల్లలో ఉన్న మార్టిన్ గూటిని తీసేయడం నేరం. జులైలో స్తంభం దించే తొందరలో ఉన్నవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇవి కాక ఇంకో విచిత్రమైన ఇబ్బంది సొంతవాళ్ల నుంచే వస్తుంది. ముందటి గూళ్ల నుంచి ఎగిరిన పిల్లలు కొన్నాళ్లు కాలనీ చుట్టూ తిరుగుతూ కనబడిన గదిలోకల్లా దూరతాయి. ఆలస్యపు గూటి గుమ్మంలో కూర్చుని తల్లి తెచ్చిన పురుగును తామే లాక్కుంటాయి. జత దొరకని ఏడాది పక్షులు కూడా గదుల్లోకి తొంగిచూస్తూ తిరుగుతాయి. ఓనర్లు కొందరు దీన్ని చూసి మళ్లీ గూళ్లు కడుతున్నాయని పొరబడతారు. అవి గూడు కట్టడానికి రాలేదు. వచ్చే ఏడాది ఎక్కడ దిగాలో ఇప్పుడే చూసుకుంటున్నాయి.

తనిఖీ ఎలా చేయాలన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అయిదారు రోజులకోసారి బుర్ర దించి చూడటం, గుడ్లెన్ని, పిల్లలెన్ని, వయసెంత అని రాసిపెట్టడం వల్ల నష్టం లేదు. కానీ పిల్లలకు 22 రోజులు దాటాక చెయ్యి పెట్టకూడదు. ఆ వయసులో అదిరితే ఎగరలేని పిల్ల కూడా దూకేస్తుంది, నేల మీద పిల్లికి దొరుకుతుంది. గూటి పుట్టినరోజు రాసి ఉంటే ఈ పొరపాటు జరగదు. అందరికీ ఒకే తేదీ అనుకుని మొత్తం స్తంభాన్ని చూడటం మానేసేవాళ్లు, ఆ ఒక్క ఆలస్యపు గూడుకు ఇంకా తనిఖీ అవసరమని మర్చిపోతారు.

వాన ముసురు పట్టి రెండు మూడు రోజులు పురుగులు ఎగరకపోతే ఈ పిట్టలు ఆకలికి చనిపోతాయి. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుఫాను పెన్సిల్వేనియా ప్రాంతంలో రోజుల తరబడి చల్లని వాన కురిపించినప్పుడు పిల్లలే కాదు, పెద్ద పక్షులు కూడా గుంపులుగా చనిపోయాయి. అక్కడి కాలనీలు కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. అలాంటి రోజుల్లో ఓనర్లు కీచురాళ్లను ప్లాస్టిక్ చెంచాతో గాల్లోకి విసురుతారు. మార్టిన్‌లు వాటిని ఎగురుతూ పట్టుకోవడం నేర్చుకుంటాయి. అలవాటు పడినవి పళ్లెంలో పెట్టిన మీల్‌వార్మ్‌లనే పురుగులు, నూనె లేకుండా వండిన గుడ్డు పొరటు కూడా తింటాయి. గుడ్డు పెంకుల పొడి పెడితే సున్నం అందుతుంది. రెండు కుర్ర పక్షులు నాలుగు నోళ్లను సాకుతున్నప్పుడు ఈ చిన్న సాయం విలువ చాలా ఎక్కువ.

ఇంత కష్టం మూడు పిల్లల కోసమా అని అడిగేవాళ్లు ఉంటారు. అంకెల్లో చూస్తే ఆలస్యపు గూడు కాలనీ మొత్తం పిల్లల్లో చిన్న భాగమే. అయినా రెండు కారణాల వల్ల దాని విలువ ఆ అంకెకు మించింది. ఒకటి, ఆగ్నెస్ లాంటి ముసురు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. మే ఆఖరి చలివానకు ముందటి గూళ్లలోని పిల్లలన్నీ పోయిన ఏడాది, అప్పటికింకా గుడ్లు పెట్టని జంటలే ఆ వేసవికి దిక్కు. రైతు అంతా ఒకే రోజు విత్తకుండా కొంత వెనక్కి ఉంచుకున్నట్టు, కాలనీలో అన్ని గూళ్లూ ఒకే వారంలో లేకపోవడమే దానికి రక్ష.

రెండోది ఇంకా ముఖ్యం. పెద్ద మార్టిన్ తాను పిల్లల్ని పెంచిన చోటికే ఏటా తిరిగి వస్తుంది. ఆ అలవాటు గట్టిది. పుట్టిన చోటికి తిరిగొచ్చే పిల్లలు మాత్రం తక్కువ. చుట్టుపక్కల కాలనీలు చూసుకుని, చోటున్న దగ్గర దిగుతాయి. అందుకే కొత్తగా స్తంభం పెట్టిన ఇంటికి మొదట వచ్చేవి చాలాసార్లు ఈ ఏడాది పక్షులే. ఏళ్ల తరబడి ఒక్క మార్టిన్ కూడా వాలని పెరట్లో జూన్‌లో ఒక మచ్చల మగది, ఒక తెల్లతోక ఆడది వచ్చి గూడు మొదలుపెడతాయి. మిగతా ఊరంతా పిల్లల్ని ఎగరేస్తున్న వేళ ఇవి ఆకులు తెచ్చుకుంటుంటాయి. ఆ గూడు నిలిచి రెండు పిల్లలు ఎగిరినా చాలు, వచ్చే ఏప్రిల్‌లో ఆ జంట, మగది నిండు నల్లని ఈకలతో, ముందుగా, అదే స్తంభానికి తిరిగి రావచ్చు. ఆ గూడు పాముకు పోతే మాత్రం మళ్లీ రాకపోవచ్చు. ఒక్క ఆగస్టు రాత్రి అడ్డు లేక పోయిన గూడుతో ఒక పెరటి కాలనీ మొదలవకుండానే ఆగిపోవచ్చు. మార్టిన్‌ల సంఖ్య ఉత్తరాదిన మెల్లగా తగ్గుతూ వస్తున్న ఈ కాలంలో కొత్త పెరళ్లు నిలబడటం చిన్న విషయం కాదు.

వాతావరణం కూడా ఈ లెక్కలో ఉంది. 2012లో ఉత్తర అమెరికాలో వసంతం రికార్డు స్థాయిలో ముందుగా వేడెక్కింది. ఆ ఏడాది మార్టిన్‌ల ప్రయాణాన్ని వీపు మీద పెట్టిన చిన్న పరికరాలతో గమనించిన కెవిన్ ఫ్రేజర్ బృందం, అవి తమ తేదీలను ముందుకు జరుపుకోలేదని 2013లో ప్రచురించింది. అమెజాన్‌లో ఉన్న పిట్టకు అయిదారు వేల కిలోమీటర్ల దూరాన ఉన్న పెరట్లో ఎండ ముందే వచ్చిందని తెలిసే దారి లేదు. వసంతం ముందుకు జరుగుతూ, పక్షి రాక జరగకుండా ఉంటే ఇవాళ సమయానికి కట్టిన గూడు కూడా రేపు పురుగుల లెక్కలో ఆలస్యమవుతుంది. ఆలస్యపు గూళ్ల దగ్గర ఓనర్లు ఇప్పుడు నేర్చుకుంటున్న నీడ, పొడి గూడు, గట్టి కాపలా ముందుముందు అన్ని గూళ్లకూ అవసరం పడవచ్చు.

ఆగస్టు రెండో వారంలో ఎగిరిన పిల్లకు తీరిక తక్కువ. జూన్‌లో ఎగిరినవి వారాల తరబడి సామూహిక రాత్రి మకాముల్లో బలం పుంజుకుంటాయి. లూసియానాలో పాంచర్‌ట్రైన్ సరస్సు వంతెన కింద, దక్షిణ కరొలైనాలో ముర్రే సరస్సు మధ్యనున్న బాంబ్ ఐలాండ్‌లో లక్షల పక్షులు చేరతాయి. తెల్లవారుజామున అవి ఒక్కసారిగా లేస్తే వాతావరణ రాడార్ మీద వలయంలా కనిపిస్తాయి. ఆస్టిన్‌లో, హ్యూస్టన్‌లో ఉండే తెలుగువాళ్లు జులై సాయంత్రాల్లో పార్కింగ్ చెట్ల మీదికి సుడులు తిరుగుతూ దిగే వేలాది పిట్టల్ని చూసే ఉంటారు, అవి ఇవే. ఆలస్యపు పిల్ల అక్కడికి చేరేసరికి గుంపు పలచబడుతుంది. కానీ దారి అదే. 2009లో బ్రిజెట్ స్టచ్‌బరీ బృందం ప్రచురించిన వివరాల ప్రకారం పెన్సిల్వేనియా మార్టిన్‌లు అయిదు రోజుల్లో 2,500 కిలోమీటర్లు ఎగిరి మెక్సికోలోని యుకటాన్ చేరి, అక్కడ మూడు నాలుగు వారాలు ఆగాయి. వసంతంలో ఒక ఆడపక్షి బ్రెజిల్ నుంచి 13 రోజుల్లో తిరిగొచ్చింది. వెళ్లేటప్పుడు మధ్యలో ఆగే వ్యవధి ఉండటం ఆలస్యపు పిల్లలకు కూడా కొంత ఊరట.

ఆఖరి పిల్ల ఎగిరాక కూడా స్తంభం వెంటనే దించకూడదు. కొత్తగా ఎగిరిన పిల్లలు మొదటి కొన్ని రాత్రులు అదే బుర్రలో పడుకోవడానికి తిరిగి రావచ్చు. చోటు వెతుక్కునే కుర్ర పక్షులు ఇంకా తిరుగుతుంటాయి. వాటికి తెరిచున్న గుమ్మం, శుభ్రమైన గది కనబడాలి. వారం పది రోజులు వరసగా స్తంభం మీద ఒక్క మార్టిన్ కూడా వాలలేదని రూఢి చేసుకున్నాకే గూళ్లు తీసి, బుర్రలు కడిగి, ఎండబెట్టి లోపల పెట్టాలి. నోటుబుక్కులో ఆ ఆఖరి గూటి తేదీ, ఎగిరిన పిల్లల లెక్క, తల్లిదండ్రుల ఈకల రంగు రాసుకుంటే, వచ్చే ఏప్రిల్‌లో అదే బుర్ర మీద వాలిన నల్లని మగది ఎవరో ఊహించడానికి ఆ మూడు ముక్కలే ఆధారం.